అన్నింటికీ నాలుగే

కంపెనీ ఆమెకు పెట్టిన పేరు స్థిరనివాస సహాయకురాలు. ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు. విమానాశ్రయంలో ఆమె చేతిలోని అట్టముక్క మీద తన పేరు చూసుకుని దగ్గరికొచ్చిన మగవాడు, సామాను బండి తోసుకుంటూ గుమ్మం దాటేలోపే అక్కా అంటాడు. పక్కనున్న భార్య వదినా అంటుంది. పిల్లలుంటే వ్యాను ఎక్కాక అత్తా అంటారు. గంట తిరక్కుండా ఇంత చుట్టరికం కుదిరిపోతుంది. ఆ గాజు సీసాల ఫ్యాక్టరీలో మన భాషవాళ్లు నూటయాభై మంది దాకా ఉన్నారు. వాళ్లందరికీ ఆమె ఎదురుగా అక్క, చాటున నాలుగులక్క.

ఆ రెండో పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆమె పని తెలియాలి.

పరాయి దేశం నుంచి పనికొచ్చిన మనిషిని ముప్ఫై రోజుల్లో ఇక్కడివాణ్ణి చెయ్యాలి. అందుకో పట్టిక ఉంది, అందులో ఇరవయ్యారు గీతలు. ఇంటి తాళాలు ఇవ్వడం మొదటి గీత. కరెంటు మీటరు అంకె రాసుకోవడం రెండోది. నమోదు కార్యాలయానికి ఫొటో తీయించడం మూడోది. అందులో రెండు చెవులూ కనబడాలి, నవ్వకూడదు. బ్యాంకు, బస్సు పాసు, డాక్టరు దగ్గర పేరు రాయించడం, పిల్లల బడి, చెత్తకు అయిదు రంగుల డబ్బాలు. ఒక్కొక్కటీ అయ్యాక పక్కన టిక్కు పెడుతుంది. ఇరవయ్యారు టిక్కులూ పడితే మనిషి స్థిరపడ్డట్టు. ముప్ఫై ఒకటో రోజు నుంచి కంపెనీ దృష్టిలో వాళ్లకు కష్టాలంటూ ఉండవు. గీజరు పాడైనా, పిల్లకు జ్వరమొచ్చినా, ఆఫీసు నుంచి అర్థంకాని ఉత్తరమొచ్చినా మోగేది మాత్రం ఆమె ఫోనే.

ఫ్యాక్టరీ గేటు దాటగానే గోడ మీద పెద్ద బొమ్మ ఉంటుంది. పసుపు టోపీలు పెట్టుకున్న రకరకాల మొహాలు పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటాయి. కింద 'మనమంతా ఒకే కుటుంబం' అని రాసి ఉంటుంది. ఏ కుటుంబమూ మనిషిని ఆరు నెలలు పరీక్షించి ఉంచుకోదన్న సంగతి ఆ మాట రాసినవాడికి తట్టలేదు. ఇక్కడ కొత్తవాళ్లకు ఆరు నెలల గడువు. గడువు తీరే రోజున ఖాయం కాగితం చేతికొస్తే పెళ్లాం పిల్లలతో ఉండొచ్చు. రాకపోతే పదిహేను రోజుల్లో దేశం ఖాళీ చెయ్యాలి.

ఆ ఆరు నెలల మధ్యలో, అరవయ్యో రోజున, ఒక అభిప్రాయ పత్రం నింపాలి. ప్రశ్నలు అయిదు. ఇల్లు ఎలా ఉంది, పనికి తగిన శిక్షణ అందిందా, పై అధికారి తీరు ఎలా ఉంది, తోటివాళ్లతో పొసగుతోందా, సహాయకురాలు ఎలా సాయపడింది. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వెయ్యాలి. దీన్ని దగ్గరుండి నింపించి, 'ప్రశ్నలను అతని భాషలో వివరించాను' అని కింద సంతకం పెట్టడం ఆమె చివరి బాధ్యత.

అందరికీ ఆమె చెప్పేది ఒకటే.

"అన్నింటికీ నాలుగు వెయ్యి. అయిదు వేస్తే అబద్ధమనుకుంటారు. మూడు వేస్తే పిలిచి అడుగుతారు. రెండు వేస్తే నిన్ను గుర్తుపెట్టుకుంటారు. ఒకటి వేసినవాణ్ణి నేను మళ్లీ చూళ్లేదు."

ఇది ఆమెకు ఎవరూ చెప్పిన సూత్రం కాదు. ఇరవై మూడేళ్ల కింద, ఓడరేవులో క్రేను నడిపే భర్త వెంట ఆమె ఈ ఊళ్లో దిగినప్పుడు అట్టముక్క పట్టుకుని ఎవరూ నిలబడలేదు. మొదటి వారంలోనే చెత్త తప్పు డబ్బాలో వేసింది. పక్కింటావిడ ఆ సంచీని తీసుకొచ్చి, ముడి మళ్లీ బిగించి, ఈమె గుమ్మం ముందు వంకర లేకుండా నిలబెట్టి వెళ్లింది. పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అంటుంది.

మూడో నెలలో ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. మరిగే నీళ్లలోంచి దుప్పట్లు తియ్యాలి. కొన్నాళ్లకు వాళ్లూ ఒక కాగితం ఇచ్చి, ఇబ్బందులేమైనా ఉంటే నిస్సంకోచంగా రాయమన్నారు. ఆమె నమ్మింది. మూడు సాయంత్రాలు నిఘంటువు ముందేసుకుని, తప్పుల్లేకుండా రాసింది: చేతి తొడుగులు మగవాళ్ల కొలతవి, వేడినీళ్లు లోపలికి పోతున్నాయి, కూర్చోవడానికి చోటు లేదు. సూపర్‌వైజరు చదివి, చెయ్యి కలిపి మరీ మెచ్చుకుంది. పై వారం డ్యూటీల జాబితాలో ఆమె పేరు లేదు. వెళ్లి అడిగితే, "మీరిక్కడ సుఖంగా లేరని మీరే రాశారు కదా" అంది.

తర్వాత ఒక హోటల్లో గిన్నెలు తోమింది. అక్కడ కాగితం వచ్చినప్పుడు అన్నింటికీ నాలుగు వేసింది. తొమ్మిదేళ్లు ఉంచుకున్నారు. దీన్ని పిరికితనం అనేవాళ్లు ఆ లాండ్రీలో ఒక్క వారం చేతులు ముంచి వచ్చి అనాలి.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఫిట్టరు దిగాడు. వయసు ముప్ఫై ఆరు. పదకొండేళ్లు సీసాల ఫ్యాక్టరీలోనే చేశాడు. వెంట భార్య, ముందు పన్ను ఊడిన ఆరేళ్ల కూతురు.

"ఏం తమ్ముడూ, బెదురుగా ఉందా?" అంది ఆమె వ్యానులో.

"బెదురెందుకక్కా? సీసా ఎక్కడైనా సీసానే."

"ఈయన కోతలు నమ్మకు వదినా," అంది భార్య వెనక సీట్లోంచి. "పదకొండేళ్లు గాజుతో పనంట. ఇంట్లో గ్లాసు పట్టుకుంటే పగలాల్సిందే."

"అది నువ్వు తోముతుంటే పగిలింది."

"నువ్వు పక్కన నిలబడి పాఠం చెప్తుంటే పగిలింది."

కూతురు ఇద్దర్నీ చూసి, "అత్తా, వీళ్లు ఎప్పుడూ ఇంతే" అంది. అలాంటివాళ్లు నిలదొక్కుకుంటారని ఆమె అనుభవం. పోట్లాడుకునే ఓపిక ఉన్నవాళ్లకు మిగతా ఓపికలు కూడా ఉంటాయి. వచ్చిన రోజు నుంచీ మాటామంతీ లేకుండా గోడకేసి చూసేవాళ్లతోనే ఆమెకు భయం.

చెత్త పాఠం రెండో రోజున. వంటగదిలో అయిదు డబ్బాలు వరసగా పెట్టి భార్య చేత అప్పజెప్పించుకుంది.

"టీ పిప్పి ఆకుపచ్చలో. టీ పొట్లం పసుపులో. దాని మీది చీటీ నీలంలో. పగిలిన గ్లాసు..." అని మొగుడి వంక చూసి, "తెల్లదాంట్లో. అంతే కదా? మరి ఈయన్ని ఎందులో వెయ్యాలి వదినా?"

"ఏ డబ్బాలోనూ పట్టడు. ఇంట్లోనే పెట్టుకో."

ఆ వంటగదిలో ఆ రోజు నలుగురూ కడుపుబ్బ నవ్వారు.

ముప్ఫై రోజులూ సాఫీగానే గడిచాయి. ఇరవయ్యారు టిక్కులూ పడ్డాయి. అరవయ్యో రోజున ఆమె కాగితం పట్టుకుని వెళ్లింది. ఫిట్టరు మొదటి ప్రశ్నకు చకచకా నాలుగు వేశాడు. రెండో ప్రశ్న దగ్గర కలం ఆగింది.

"ఇది నాలుగు కాదక్కా. నిజం చెప్పాలంటే ఒకటి కూడా కాదు. నాకెవరూ ఏమీ నేర్పలేదు. నలభై గంటల శిక్షణ అన్నారు. మొదటి రోజు ఫోర్‌మన్ లావుపాటి పుస్తకం చేతిలో పెట్టి, నలభై గంటలూ అయినట్టు సంతకం చేయించుకున్నాడు. అప్పుడు మనుషుల కొరత. మర్నాటి నుంచే మెషీను మీద నిలబెట్టాడు."

"పుస్తకం చదివావా?"

"బొమ్మలు చూశాను."

"చూశాడు చూశాడు, తలకింద పెట్టుకుని చూశాడు," అంది భార్య.

ఆమె కూడా నవ్వింది. "పదకొండేళ్లు సీసాలు చేసినవాడివి, నీకొకడు కొత్తగా నేర్పేదేముంది తమ్ముడూ? రెండు వేశావనుకో, ఫోర్‌మన్‌ని పిలిచి అడుగుతారు. వాడు నీ మొహాన సంతకం చూపిస్తాడు. ఆపైన నాలుగు నెలలు వాడి చేతికింద నువ్వు చెయ్యాలి. నాలుగు వెయ్యి. ఖాయం కాగితం చేతిలో పడ్డాక ఎన్ని కావాలంటే అన్ని అడుగు."

ఫిట్టరు నాలుగు వేశాడు. ఆమె సంతకం పెట్టింది. అప్పటికి ఆమె మాటలో ఏ తప్పూ కనబడలేదు, ఆమెకైనా, వాళ్లకైనా.

అచ్చులోంచి అప్పుడే వచ్చిన సీసా ఎర్రగా ఉంటుంది. దాన్ని అలాగే చల్లగాలిలో పెడితే బద్దలవుతుంది. అందుకని ఒక పొడుగాటి పొయ్యిలోంచి, బెల్టు మీద, నిమ్మళంగా చల్లారుస్తూ పంపాలి. దాన్ని చల్లార్చే సొరంగం అంటారు. మందపాటి సీసా వస్తే బెల్టు నెమ్మది చెయ్యాలి, లోపలి వేడి కూడా మార్చాలి. ఇవి సరిగా కుదరకపోతే సీసా అప్పటికి నిక్షేపంగానే ఉంటుంది. పరీక్షలూ దాటుతుంది. వారం తర్వాత ఎక్కడో, ఎవరి చేతిలోనో ఠప్పుమంటుంది.

ఫిట్టరు పాత ఫ్యాక్టరీలో బెల్టు చూసే మనిషి వేరు, వేడి చూసే మనిషి వేరు. వేడి మీటల జోలికి వెళ్లిన ఫిట్టరును అక్కడ గేటు బయట నిలబెట్టేవాళ్లు. పదకొండేళ్లు అతను ఆ మీటల మీద చెయ్యి వెయ్యలేదు. అదే క్రమశిక్షణ. ఇక్కడ రెండూ ఒక్కడి పనే. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడో ఉంది. శిక్షణ ఇచ్చి ఉంటే మొదటి గంటలోనే చెప్పేవాళ్లు. దాదాపు అయిదు నెలల పాటు ఒకే మందం సీసాలు రావడంతో తెలియాల్సిన అవసరం పడలేదు. అయిదో నెల చివర్లో మందు సీసాల పని వచ్చింది, మందపాటివి. ఫిట్టరు ఎరిగిన పద్ధతిలో బెల్టు నెమ్మది చేశాడు. వేడి సంగతి దాని మనిషి చూసుకుంటాడనుకున్నాడు. ఆ మనిషి తనేనని అతనికి తెలియదు.

ఒక షిఫ్టు సీసాలన్నీ, మందు నింపేచోట పెట్టెల్లోనే పగిలాయి. అదృష్టం బాగుండి ఎవరి చెయ్యీ తెగలేదు. విచారణ పెట్టారు. ఆ వారం శుక్రవారంతో ఫిట్టరు ఆరు నెలలు పూర్తవుతున్నాయి. విచారణ బుధవారం. అనువాదానికి ఆమెనే రమ్మన్నారు. వేరే ఎవరున్నారు గనక?

అనువాదంలోనూ ఆమెది ఒక పద్ధతి. ఇన్నేళ్లలో ఎవరి మాటనూ ఆమె ఉన్నదున్నట్టు అవతలివాళ్లకు చేరవెయ్యలేదు. "వీడెవడక్కా నన్ను అడగడానికి?" అని ఒకడంటే, "తప్పకుండా చెబుతానంటున్నాడు" అని చెప్పేది. ఇటునుంచి ఆఫీసరు "వీళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు" అంటే, "ఇంకోసారి వివరిస్తామంటున్నారు" అనేది. మాటను ఉతికి, పిండి, మడత పెట్టి ఇస్తుంది. లాండ్రీలో నేర్చింది ఊరికే పోలేదని భర్త వేళాకోళం.

విచారణ గది చిన్నది. బల్ల, ఆరు కుర్చీలు, నీళ్ల జగ్గు. గోడకు ఇనుప బీరువా. సిబ్బంది వ్యవహారాల ఆఫీసరు మెళ్లో తాడుకు కళ్లజోడు వేలాడేసుకున్న పెద్దావిడ. గట్టిగా మాట్లాడదు. ముందు అందరికీ తనే నీళ్లు పోసింది. ఫోర్‌మన్ చేతులు కట్టుకుని కిటికీకేసి చూస్తున్నాడు. ఫిట్టరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కాలరు బిగుతు, ఊపిరాడనట్టుంది.

ఆఫీసరు అడిగింది, ఆమె చెప్పింది. అతను చెప్పాడు, ఆమె అటు చెప్పింది. వేడి తన పని అని తనకెవరూ చెప్పలేదన్నాడు. శిక్షణ ఇవ్వలేదన్నాడు. ఫోర్‌మన్ నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు. ఆఫీసరు రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి నలభై గంటల శిక్షణ అయిందన్న సంతకం. రెండోది అభిప్రాయ పత్రం.

"శిక్షణ అందిందా అన్నచోట ఇతనే నాలుగు వేశాడు," అంది ఆఫీసరు. "ప్రశ్న అర్థం కాలేదనడానికి లేదు. కింద మీ సంతకం ఉంది."

ఆమె ఫిట్టరు వైపు తిరిగింది. "నాలుగు వేశావు కదా అంటున్నారు తమ్ముడూ. ప్రశ్న నీకు వివరించినట్టు... నా సంతకం ఉందంటున్నారు."

ఫిట్టరు కాగితం వంక చూడలేదు. ఆమె వంకే చూశాడు. కోపంగా కాదు. దారి అడిగే మనిషి చూసినట్టు చూశాడు.

"నువ్వు వెయ్యమంటే వేశానని చెప్పక్కా."

ఆ మాటను ఉతకడానికి ఆమెకు ఒక క్షణం వ్యవధి ఉంది. తొందరలో వేశాడని చెప్పొచ్చు. సరిగా చదవలేదని చెప్పొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"సహాయకురాలు వెయ్యమంటే వేశానంటున్నాడు."

ఆఫీసరు తలెత్తకుండా రాసుకుంది. రాస్తూ ఆ వాక్యం పైకి చదివింది: "తన పొరపాటును ఉద్యోగి సహాయకురాలి మీదికి నెడుతున్నాడు."

"నెట్టడం కాదండీ," అంది ఆమె. "నిజమే. నేనే చెప్పాను. ఇతనికే కాదు, అందరికీ అదే చెప్తాను."

ఫోర్‌మన్ కిటికీ మీంచి చూపు తిప్పాడు. ఆఫీసరు కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి, కళ్లు నలుపుకుంది.

"మీరిక్కడికి అనువాదానికొచ్చారు, సాక్ష్యానికి కాదు. ఒకే మనిషి రెండూ చెయ్యకూడదు. సాక్ష్యం చెబుతానంటే ఈ విచారణ ఇప్పుడే ఆపేస్తాను. వేరే అనువాదకుణ్ణి తెప్పించాలి, మూడు వారాలు పడుతుంది. విచారణ నడుస్తున్న మనిషికి ఖాయం కాగితం ఇవ్వరు. శుక్రవారంతో ఇతని గడువు అయిపోతుంది. అప్పుడు నేను రాసేదీ ఇదే, ఇప్పుడు రాసేదీ ఇదే." ఆగి, బీరువా వైపు చూపించింది. "పైగా మీరన్నది రాస్తే అందులోని అభిప్రాయ పత్రాలన్నీ మళ్లీ తియ్యాలి. అందరినీ మళ్లీ అడగాలి. ఇంకా ఖాయం కానివాళ్లు ఎంతమంది మీవాళ్లు?"

ఆమెకు లెక్క చూసుకోనక్కర్లేదు. "పంతొమ్మిది మంది."

"ఈసారి వాళ్ల చేత ఎంత వేయిస్తారు?"

ఆ గొంతులో వెటకారం లేదు, అదే భరించలేనిది. ఆవిడ నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఫిట్టరు ముందుకు వంగాడు. "ఏమంటోందక్కా? రాసుకుందా? నమ్మిందా?"

ఆమె గ్లాసులోని నీళ్ల వంక చూసింది.

"రూల్సు చెబుతోంది తమ్ముడూ."

"ఇంతసేపూ రూల్సేనా?"

"రూల్సే."

అతను కాసేపు ఆమె మొహంలోకి చూసి, వెనక్కి ఆనుకుని, కాలరు గుండీ విప్పుకున్నాడు. చివర్లో విచారణ కాగితం కింద ముగ్గురూ సంతకాలు పెట్టారు. అనువాదం సక్రమంగా జరిగిందని ఆమె కూడా పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. క్రేను మీద ముప్ఫై ఏళ్లు కూర్చుని నడుం పోయాక ఇంటి వంట ఆయనదే. ఆమె జరిగింది చెప్పింది. ఆయన తరగడం ఆపకుండా విన్నాడు.

"చెప్పావుగా," అన్నాడు.

"చెప్పి ఏం లాభమండీ? నేను చెప్పింది అతని తప్పుగా రాశారు. నోరు మూసుకునున్నా ఇంత పాపం అంటుకునేది కాదు."

"మూసుకునుంటే?"

"మూసుకునున్నా పోయేవాడు."

"మరి అరవయ్యో రోజున రెండు వెయ్యమనుంటే?"

ఆమె ఆలోచించింది. ఫోర్‌మన్ మొహం గుర్తొచ్చింది. "మూడో నెల్లోనే పోయేవాడు."

"మరింకేం? మూడు నెలలు ఎక్కువున్నారు. పిల్ల బడికెళ్లింది." ఆయన కత్తి పక్కన పెట్టాడు. "నువ్వు తప్పు చెయ్యలేదని నేననను. నేనంటే నువ్వు నమ్మవు. తప్పు చెయ్యకుండా ఉండే దారి ఉందేమో చెప్పు, వింటాను."

ఆమె తరిగిన ముక్కలు గిన్నెలోకి తీసింది. ఆయన మళ్లీ కత్తి అందుకున్నాడు.

శుక్రవారం కాగితం రాలేదు. శనివారం వేరే కాగితం వచ్చింది.

వెళ్లిపోయేవాళ్లకీ పట్టిక ఉంది. దాదాపు అవే ఇరవయ్యారు గీతలు, కిందనుంచి పైకి. బడిలో పేరు తీయించాలి, డాక్టరు దగ్గర కొట్టేయించాలి, బస్సు పాసు తిరిగివ్వాలి, కరెంటు మీటరు అంకె మళ్లీ రాసుకోవాలి. రావడానికి ముప్ఫై రోజులు పట్టినవి పోవడానికి తొమ్మిది రోజులు కూడా పట్టలేదు. ఏ ఆఫీసు కిటికీ దగ్గరా ఎవరూ విసుక్కోలేదు, రేపు రమ్మనలేదు.

బడిలో టీచరు పిల్ల బొమ్మలన్నీ ఒక సంచీలో పెట్టి ఇచ్చింది. "పోయిన వారం నుంచే చెయ్యెత్తి జవాబు చెప్పడం మొదలెట్టింది," అని ఆగిపోయింది. ఈ మాట ఫిట్టరు భార్యకు ఎలా చెప్పాలా అని ఆమె వెతుక్కుంటుంటే, పిల్లే మధ్యలో అందుకుని ఆ దేశపు భాషలో టీచరుకు ఏదో చెప్పి నవ్వించింది. ఊడిన పన్ను చోట కొత్త పన్ను సగం వచ్చింది. ఆ ఇంట్లో నిజంగా స్థిరపడింది ఆ పిల్లొక్కతే. దాని గురించి పట్టికలో గీత లేదు.

చివరి రోజు పొద్దున తాళాలు తీసుకోవడానికి వెళ్లింది. గదులు ఖాళీ. గోడకు పిల్ల ఎత్తు కొలిచిన పెన్సిలు గీత ఒకటే మిగిలింది. భార్య దాన్ని రబ్బరుతో చెరిపేస్తోంది; గోడ మీద గుర్తులుండకూడదన్నది ఇరవై నాలుగో గీత, ఆమే చెప్పింది. ఇన్ని రోజులూ భార్య ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. చెరపడం అయ్యాక గుమ్మం దగ్గర వరసగా కడిగి బోర్లించిన డబ్బాలను చూపించింది.

"అన్నీ సరిగ్గా కడిగాను, చూసుకో వదినా. ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు, నలుపు." తర్వాత, మామూలు గొంతుతోనే, "మమ్మల్ని ఎందులో వెయ్యమంటావు?" అంది.

"ఊరుకో," అన్నాడు ఫిట్టరు సూట్‌కేసు బిగిస్తూ.

"అడుగుతున్నాను. వదినకు తెలియని డబ్బా లేదు కదా."

ఆమె తల దించుకుని మీటరు అంకె రాసుకుంది. రాసింది తప్పయితే మళ్లీ రాసింది.

వ్యానులో ఎవరూ పోట్లాడుకోలేదు. పిల్ల కిటికీ అద్దం మీద ఊపిరి ఊది వేలితో బొమ్మలు గీస్తూ కూర్చుంది. విమానాశ్రయం దగ్గర పడ్డాక ఆమె సంచీలోంచి ఒక కాగితం తీసింది. వెళ్లేవాళ్లూ అభిప్రాయ పత్రం నింపాలి. అవే అయిదు ప్రశ్నలు. ఇది లేకపోతే ఫైలు మూయరు.

"ఇది కూడానా?" అన్నాడు ఫిట్టరు.

"ఇష్టం లేకపోతే వద్దులే తమ్ముడూ. నేనేదో చెప్పుకుంటాను."

"ఇవ్వు." మోకాలి మీద బ్యాగు పెట్టుకుని, దాని మీద కాగితం పరిచాడు. అలవాటు కొద్దీ కలం ఆపి ఆమె వంక చూశాడు. ఎంత వెయ్యాలో చెబుతుందేమోనని చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అతను గబగబా నింపి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

పై అంతస్తులో బయల్దేరే గేటు దగ్గర పిల్ల ఆమె నడుం చుట్టూ చేతులు వేసి, "అత్తా, మళ్లీ ఎప్పుడు తీసుకెళ్తావు మమ్మల్ని?" అంది. భార్య పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఫిట్టరు రెండడుగులు వేసి ఆగాడు.

"ఆ రోజు ఆవిడ చెప్పినవి రూల్సేనా అక్కా?"

వెనక ఎవరో సామాను బండితో తోసుకొచ్చారు. అతను పక్కకు జరగాల్సొచ్చింది.

"కాదు," అంది ఆమె.

అతను తల ఊపాడు. ఏం చెప్పిందని అడగలేదు. లోపలికి వెళ్లిపోయాడు.

వ్యాను రెండుసార్లు తిప్పడం దండగని, వెళ్లేవాళ్లను దింపే రోజునే వచ్చేవాళ్లను ఎక్కించుకు రమ్మంటుంది కంపెనీ. ఆ రోజు కింది అంతస్తులో దిగాల్సింది ఒక ఎలక్ట్రీషియను. విమానం రావడానికి అరగంట ఉంది. ఆమె బెంచీ మీద కూర్చుని మడతలు విప్పింది. ఇంటికి నాలుగు. శిక్షణకు నాలుగు. పై అధికారికి నాలుగు. తోటివాళ్లకు నాలుగు. చివరి ప్రశ్న, సహాయకురాలు ఎలా సాయపడింది అన్నదానికి మాత్రం అయిదు వేశాడు.

అయిదు వేస్తే ఏమనుకుంటారో అతనికి ఆమే చెప్పింది.

ఆ కాగితాన్ని ఆమె చాలాసేపు చూసింది. మనసారా వేశాడో, చెంప మీద కొట్టినట్టు వేశాడో అడగడానికి అతను పైన ఎక్కడో వరసలో నిలబడి ఉన్నాడు, అక్కడికి ఆమెను వెళ్లనివ్వరు. మడతలు మళ్లీ అలాగే పెట్టి ఫైల్లో పెట్టింది. ఇరవయ్యారో గీత పక్కన టిక్కు పెట్టింది.

తలుపులు తెరుచుకున్నాయి. జనంలోంచి ఒకతను అట్టముక్క మీద పేరు రెండుసార్లు చదువుకుని, ఇంత మొహం చేసుకుని దగ్గరికొచ్చాడు.

"అక్కా! మీరేనా? ఎవరూ రారేమోనని ఒకటే భయమేసింది."

"ఎందుకు రాను? పద, వ్యాను అటుంది."

వ్యానులో అతను ఫిట్టరు కూర్చున్న సీట్లోనే కూర్చున్నాడు. అద్దం మీద పిల్ల గీసిన బొమ్మల వేలి గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటిని మోచేత్తో తుడిచి బయటికి చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం, కలం తీశాడు.

"ముందే తెలుసుకోవాల్సినవేమైనా ఉంటే చెప్పక్కా, రాసుకుంటాను."

ఆమె చెత్త డబ్బాలతో మొదలుపెట్టింది. ఆకుపచ్చలో ఏం వెయ్యాలి, పసుపులో ఏం వెయ్యాలి, నీలంలో ఏం వెయ్యాలి. అతను బుద్ధిగా రాసుకున్నాడు. తెలుపు దగ్గర ఆగి, పగిలిన గాజు అందులో వెయ్యాలని చెప్పింది. అదీ రాసుకున్నాడు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడ్డాయి.

"ఇంకేమైనా ఉందా అక్కా?"

"ఇప్పటికింతే," అంది. "అరవయ్యో రోజున మళ్లీ వస్తాను."